కాళ్లకు చెప్పులు

పోయిన వారం పావనిని మదనపల్లెలో, బస్టాండు వెనక సందులో ఉన్న ఆమె అద్దె గదిలో, ఒక పాత ఫోటో ముందు నిలబెట్టి వచ్చాం. ఆ ఫోటోలో ఆమె నాన్న చెంగల్రాయుడు ఉన్నాడు. ఆయన కాళ్లకు చెప్పులున్నాయి. ఉండకూడదు.

ఎందుకు ఉండకూడదో మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు మాటలు.

గ్రూపు ఫోటోల్లో లేని మనుషుల్ని కలపడం పావని పని. పెళ్లి నాటికి కువైట్‌లో ఉండిపోయిన తమ్ముడు, గృహప్రవేశానికి రెండు నెలల ముందు పోయిన తాత, మనవడికి పేరు పెట్టే రోజు ఆసుపత్రిలో ఉన్న అవ్వ, ఎవరైనా సరే. ఒక్క ఫోటో ఇస్తే చాలు, కంప్యూటర్లో కత్తిరించి వరుసలో కలిపేస్తుంది. నడుము వరకు కనిపించే ఫోటోలన్నీ ఆమే చేస్తుంది. కాళ్ల వరకు కనిపించే నిలువు ఫోటోలు మాత్రం స్టూడియో యజమాని గురుమూర్తి పుంగనూరులో తన ఇంట్లో కూర్చుని చేసి పంపుతాడు. రెండేళ్లుగా అదే పద్ధతి. ఎందుకని ఆమె ఎప్పుడూ అడగలేదు.

మొన్న గురుమూర్తికి జ్వరం వచ్చింది. గుర్రంకొండ గోవిందమ్మ తొందరపెడుతుంటే, చనిపోయిన ఆమె భర్తను మనవరాలి పెళ్లి ఫోటోలో పావనే నిలబెట్టింది. గోవిందమ్మ ప్రింటు చూసి మొహం ముడిచింది.

"మా ఆయనకు సెప్పులు యాల పెట్టినావు పాపా? గోడకు తగిలిచ్చి బొట్టు పెట్టాల, పూలు పెట్టాల. సెప్పులేసుకున్నోడికి దండం ఎట్ల పెట్టేది? మీ సారు అట్ల సెయ్యడు. పోయినోళ్లకు సెప్పులు తీసేస్తాడు. బతికుండి రాలేకపోయినోళ్లకే సెప్పులుంచేది. మా పక్క ఎవురినన్నా అడుగు, సెప్తారు."

ఆ సాయంత్రం పావని తన గది గోడ మీది ఫోటో దించింది. ఇరవై ఏళ్ల కింద మామ రామచంద్ర కొత్త ఇంట్లో పాలు పొంగించిన రోజు తీసిన గ్రూపు ఫోటో అది. తాత దొరస్వామి, మామ, అత్త, అమ్మ రెడ్డెమ్మ, ఆరేళ్ల పావని. అమ్మ పక్కన నాన్న. నాన్నను తర్వాత కలిపించారని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అప్పటికి ఆరు నెలల కింద, శివరాత్రి మరునాడు, బెంగుళూరు రోడ్డులో లారీ గుద్ది ఆయన చనిపోయాడు. శవం కూడా ఊరికి రాలేదు. ఫోటో వెనక గురుమూర్తి స్టూడియో ముద్ర ఉంది.

నాన్న కాళ్లకు తోలు చెప్పులు.

అడుగుదామంటే అమ్మ లేదు. గుండెపోటుతో పోయి నలభై రోజులైంది.

*

ఆదివారం పొద్దున పావని పుంగనూరు బస్సెక్కింది. ఫోటోను తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. టమోటా లారీలు అడ్డంగా తిరుగుతుంటే మార్కెట్ యార్డు దగ్గర బస్సు పావుగంట ఆగింది. పక్క సీటులో ఎవరూ లేరు. ఈ నలభై రోజుల్లో ఆమెకు అదొక అలవాటుగా మారింది. గదిలో రెండో చాప చుట్టే ఉంది. రెండో కంచం బోర్లించే ఉంది. స్టూడియోలో కస్టమర్లతో తప్ప రోజంతా నోరు తెరిచే పని లేదు. ఊళ్లో మామ ఇల్లుంది, కానీ అక్కడికి పోవాలని ఎప్పుడూ అనిపించలేదు. అమ్మా పోనిచ్చేది కాదు.

నాన్న బతికి ఉంటే తనకు ఒక మనిషి ఉన్నట్టు. ఈ ఆలోచనను నిన్నటి నుంచి తోసేస్తోంది, అది మళ్లీ మళ్లీ వచ్చి ఖాళీ సీట్లో కూర్చుంటోంది.

గురుమూర్తి వసారాలో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. భార్య పోయింది, కూతురు సుధారాణి తిరుపతిలో ఉంటుంది. పావని చేతిలోని తువ్వాలు మూటను చూడగానే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"జ్వరం తగ్గిందా సారూ?"

"తగ్గింది పాపా. ఆదివారం పూట యాల వచ్చినావు? ఫోన్ చేసింటే సరిపోతాండె గదా."

"ఫోన్లో సూపిచ్చేది కాదు." పావని మూట విప్పి ఫోటోను మంచం మీద పెట్టింది. "ఈ పనిలో ఒక తప్పుండాది. మా నాయనకు చెప్పులు తీసేది మరిచిపోయినారు మీరు."

గురుమూర్తి కళ్లజోడు పెట్టుకోలేదు. ఆ ఫోటో చూడటానికి ఆయనకు కళ్లజోడు అక్కరలేదు.

"నేను మరిచిపోలేదు," అన్నాడు.

"మరి?"

"మొదట తీసేసినా. పోయినాడనే కదా చెప్పింది. ప్రింటు తీసుకునేదానికి మీ అమ్మ వచ్చింది. కొంచేపు చూసింది. చెప్పులు తిరిగి పెట్టండి సారూ అనింది. పోయినోళ్లకు పెట్టేది లేదమ్మా అన్నా. 'ఆయన చెప్పులు లేకుండా గడప దాటడు సారూ, మీరు పెట్టండి' అనింది. ఏడుస్తాదేమో అనుకున్నా. ఏడవలేదు."

"అంటే మీకు ఆ రోజే తెలుసు."

"తెలుసు."

"రెండేండ్లుగా రోజూ నా మొహం చూస్తాండారు. అమ్మను కాటికి ఎత్తుకుపోయిన రోజు నా పక్కనే నిలబడినారు. ఒక్క మాట చెప్పలేదు."

"చెప్పనని మాటిచ్చినా."

"ఎవురికి? ఆమె పోయింది గదా సారూ. ఇంకా ఎవురికి దాస్తాండారు?"

గురుమూర్తి మంచం కింద నుంచి రేకు పెట్టె లాగి, దాన్ని రెండు చేతులా పట్టుకుని లోపలి గదిలోకి నడిచాడు. పావని వెనకే పోయింది.

*

పెట్టె నిండా సీడీలు. ఒక్కో కవరు మీద స్కెచ్ పెన్నుతో సంవత్సరం, నెల రాసి ఉన్నాయి. గురుమూర్తి వేలితో వెతుకుతుంటే, పావని కంప్యూటరు ముందు కూర్చుంది. తెర మీద ఒక ఫోల్డరు ఉంది. పేరు: కాళ్లు.

అడగకుండానే తెరిచింది. ఎర్ర గచ్చు మీద నిలబడిన ఉత్త పాదాలు. ముందు నుంచి, పక్క నుంచి, కొంచెం ఎడంగా, దగ్గరగా. కుడికాలి బొటనవేలి గోరు సగం లేదు.

"ఇవి ఎవురివి?"

"నావే. చెప్పులు తీసేస్తే కింద పాదాలు కావాల గదా. ప్రతిసారీ యాడ తెచ్చేది? మగోళ్లందరికీ నా కాళ్లే పెడతా. ఆడోళ్లకు మా ఇంటామెవి. పిల్లోళ్లకు మా సుధారాణివి, చిన్నప్పుడు తీసినవి."

ఇంకో రోజైతే పావని నవ్వేది. ముప్పై ఏళ్లుగా మదనపల్లె చుట్టుపక్కల చనిపోయిన మగాళ్లందరూ గురుమూర్తి సారు కాళ్ల మీదే నిలబడ్డారన్నమాట. బొటనవేలి గోరు లేని కాళ్ల మీద. గోవిందమ్మ రేపు పూలు పెట్టబోయేది కూడా వాటికే.

"మా ఆమె పోయినాక ఆమె ఫోటోకు ఆమె కాళ్లే పెట్టుకున్నా," అన్నాడు గురుమూర్తి, సీడీ కవరు విప్పుతూ. "నా సర్వీసులో అబద్ధం లేని పని అదొక్కటే."

సీడీ చాలాసేపు గిరగిర తిరిగింది. చదవదేమో అనుకున్నారు ఇద్దరూ. ఫైళ్లు ఒక్కొక్కటే కనిపించాయి. ఆయన ఒకదాని మీద వేలు పెట్టాడు.

"మీ నాయన్ను దీంట్లో నుంచి కత్తిరించినా. ఇది మీ అమ్మ తెచ్చిచ్చిన ఫోటో. ఇంకొక మాట, పాపా. దీన్ని సూసినాక మీ అమ్మను తిట్టొద్దు."

పావని తెరిచింది.

రైల్వే ప్లాట్‌ఫారం. పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలు: కుప్పం. బోర్డు ముందు చెంగల్రాయుడు, తోలు చెప్పులు వేసుకుని. గ్రూపు ఫోటోలో ఉన్న అదే చొక్కా, అదే నిలబడటం. కానీ ఇక్కడ ఆయన భుజం మీద ఒక చెయ్యి ఉంది. గ్రూపు ఫోటోలో ఆ భుజం దగ్గర చొక్కా రంగు కొంచెం మసకగా ఉంటుంది. అది పాతబడి అట్లా అయిందని ఇన్నేళ్లూ అనుకుంది.

ఆ చెయ్యి రెడ్డెమ్మది.

నుదుట రూపాయంత బొట్టు. తలలో పూలు. చేతుల నిండా గాజులు. పావని ఎరిగిన అమ్మ నుదురు బోసి నుదురు, చేతులు బోడి చేతులు. ఈ ఫోటోలో ఉన్న మనిషి నవ్వుతోంది. ఆమెకు ఇట్లా నవ్వడం వచ్చని కూతురికి తెలియదు.

ఫోటో మూలన నారింజ రంగు అంకెలు: 17 07 05. శివరాత్రికి నాలుగు నెలల తర్వాత.

"నన్ను తీసేయండి సారూ అనింది," అన్నాడు గురుమూర్తి వెనక నుంచి. "ఆయన్ను ఒక్కణ్నే ఆ వరుసలో పెట్టండి అనింది. ఆ భుజం మీది చెయ్యి తుడిచేదానికి నాకు ఒక పూట పట్టింది."

పావనికి ఆదివారాలు గుర్తొచ్చాయి. నెలలో మూడో ఆదివారం అమ్మ ఒక్కతే బోయకొండ గుడికని పోయేది. నేనూ వస్తానని ఏడిస్తే చెయ్యి విదిలించుకుని మరీ పోయేది. పొద్దుగూకి తిరిగొచ్చిన అమ్మను కరుచుకుంటే జుట్టులో మల్లెపూల వాసన. విధవ తలలో పూలెట్లా ఉంటాయి? గుడి వాసన అనుకుంది.

ఇవాళ మూడో ఆదివారం.

*

"యాల?" అంది పావని. అమ్మ ఎందుకిట్లా చేసిందో ఇంకే మాటతో అడగాలో ఆమెకు తెలియలేదు.

"పశువుల సంతలో ఏదో గొడవంట. మీ నాయన చూడకూడనిది ఏదో చూసినాడంట. ఏందో నాకు చెప్పలేదు. చంపుతానని ఒకడు తిరుగుతాంటే మీ అమ్మ ఆయన్ను ఊరు దాటించింది. ఊళ్లో లారీ కత చెప్పి బొట్టు చెరిపేసుకుంది. పోయినోన్ని ఎవురూ ఎతకరు గదా."

"మేమిద్దరూ ఆడికే పోయుండచ్చు."

"అదే నేనూ అడిగినా. 'మేం కదిలితే మా ఎనకే వాడూ కదుల్తాడు సారూ' అనింది."

"ఎవురు వాడు?"

గురుమూర్తి లేచి పోయి వసారాలోంచి గ్రూపు ఫోటో తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "పేరు చెప్పలేదు. 'ఈ వరుసలోనే ఉండాడు' అనింది. అంతే."

ఆ వరుసలో మగవాళ్లు నాన్న కాక ఇద్దరే. తాత దొరస్వామి పోయి పదేళ్లు దాటింది. మామ రామచంద్ర తెల్ల చొక్కా వేసుకుని, ఆరేళ్ల పావని తల మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు.

పావని ఫోటోను తిరగేసి పెట్టింది.

"ఇంకోటి ఉండాది," అన్నాడు గురుమూర్తి. "దీనికి మాత్రం నన్ను తిట్టుకో. ఆ వారంలోనే ఆమె రెండో ఆర్డరిచ్చింది."

ఆయనే మౌసు తీసుకుని ఇంకో ఫైలు తెరిచాడు. అదే ప్లాట్‌ఫారం, అదే బోర్డు, అమ్మా నాన్నా. ఇద్దరి మధ్యా పావని. గ్రూపు ఫోటోలోంచి కత్తిరించిన ఆరేళ్ల పావని, అదే పట్టు పావడా, అదే రెండు జడలు. తను ఎన్నడూ కుప్పంలో అడుగు పెట్టలేదు. అమ్మా నాన్నల మధ్య నిలబడిన రోజు ఆమెకు ఒక్కటీ గుర్తులేదు. ఇక్కడ ముగ్గురూ ఒక ఇంటి మనుషుల్లా ఉన్నారు.

ఆమె కళ్లు కిందికి పోయాయి.

పావడా అంచు కింద పాదాలు ఉత్తవి.

"ఇవి నా కాళ్లు కావు," అంది పావని.

"సుధారాణివి."

సీడీ తిరగడం ఎప్పుడో ఆగిపోయింది.

"నేను చచ్చిపోయినానని చెప్పిందా ఆయనకు?"

"జ్వరమొచ్చి పోయిందని. నువ్వు ఈడ స్కూలుకు పోతాండావు. నేను నీ చెప్పులు తుడిచేస్తాండా. చెయ్యి రాలేదు పాపా. చెయ్యనమ్మా అన్నా. 'కూతురుండాదని తెలిస్తే ఆయన ఆగడు సారూ. ఏదో ఒక రోజు వచ్చేస్తాడు. వస్తే చంపుతారు. లేదనుకుంటే ఏడ్చి ఆడనే ఉంటాడు' అనింది. ఇద్దరికీ చెరొక చావు చెప్పి, మధ్యలో తనొక్కతే బస్సుల్లో తిరిగింది, ఇరవై ఏండ్లు."

పావని తెర వైపే చూస్తోంది. అమ్మ మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. ఆ నవ్వే మనిషి మీదా? మూడో ఆదివారం బస్సు దిగే ముందు ఆ పూలు తీసి పారేసి, గాజులు సంచిలో దాచి, బొట్టు చెరుపుకుని ఇంటికి నడిచొచ్చిన మనిషి మీదా?

"నాకు పని ఇచ్చింది అందుకేనా?"

"మీ అమ్మ అడిగింది, కాదనలేకపోయినా. నిలువు ఫోటోలు నీ చేతికి ఇయ్యలేదు. ఇస్తే ఈ రోజు వస్తాదని తెలుసు."

"ఆయన ఇంకా ఉండాడా?" అంది పావని.

గురుమూర్తి జేబులోంచి మడిచిన కాగితం ముక్క తీశాడు. దాని మీద ఒక ఫోన్ నంబరు, ఒక పేరు. రాయప్ప.

"పది దినాల కింద ఫోన్ చేసినాడు. ఫోటో వెనక ముద్రలో నంబరుండాది గదా. వానకు తడిసి ఫోటో పాడైపోయిందంట. పాప ఫోటో ఇంకొకటి తీసియ్యండి సారూ అన్నాడు. చెంగల్రాయుడు అనే పేరు ఆడ ఎవురికీ తెలీదు. రాయప్ప అంటారు. రైలు గేటు అవతల, రెండు ఆవులు పెట్టుకుని పాలు పోస్తాడంట. మీ అమ్మ పోయిందని ఆయనకు చెప్పలేకపోయినా. అప్పటి నుంచే నాకు జ్వరం."

*

పావని మౌసు తన చేతిలోకి తీసుకుంది.

ఫోటోషాప్ ఫైలులో ఒక్కో వస్తువు ఒక్కో పొర. బోర్డు ఒక పొర, అమ్మా నాన్నా ఒక పొర, పాప ఒక పొర, సుధారాణి పాదాలు ఒక పొర. ప్రతి పొర పక్కనా చిన్న కన్ను గుర్తు ఉంటుంది. కన్ను తెరిచి ఉంటే ఆ పొర కనిపిస్తుంది, మూస్తే కనిపించదు. అన్నిటికంటే పైన ఒక పొర ఉంది. దాని కన్ను మూసి ఉంది.

"చెరిపేయలేదు మీరు," అంది.

"చెరిపేయను. ఏదీ చెరిపేయను. మూసి పెడతా."

పావని ఆ కన్ను మీద నొక్కింది. ఆరేళ్ల పాప కాళ్లకు చెప్పులొచ్చాయి. గులాబి రంగు ప్లాస్టిక్ చెప్పులు, మీద తెల్ల పువ్వు. సంతలో కొన్నప్పుడు పడుకునేటప్పుడు కూడా విప్పలేదని అమ్మ చెప్పేది.

"ప్రింటియ్యండి సారూ."

గురుమూర్తి కదల్లేదు. "ఆలోచించు. ఆ ఫోటో ఆయన చేతికి పోతే ఆయన మళ్లా ఆ ఊరి దావ పడతాడు. వాడింకా ఉండాడు. మీ అమ్మ ఇరవై ఏండ్లు కాపాడిందాన్ని నువ్వు ఒక్క పూటలో..."

"మా అమ్మ ఇంక కాపాడలేదు గదా," అంది పావని. "ఆయన వాకిట్లో ఎదురు సూస్తాంటాడు ఈ పొద్దు. ఎవురన్నా పోవాల."

ప్రింటరు గొణుగుతూ పని మొదలుపెట్టింది.

*

పలమనేరులో బస్సు మారే ముందు ఫోన్ మోగింది. మామ.

పావని నాలుగోసారి మోగేదాకా చూసి ఎత్తింది.

"యాడుండావు పావనీ? గదికి తాళమేసి ఉండాదంట."

నలభై రోజుల్లో ఆయన ఫోన్ చేయడం ఇదే మొదలు. తన గది తాళం సంగతి ఆయనకు ఎవరు చెప్పారు?

"బోయకొండకు పోతాండా మామా," అంది. ఆ మాట అమ్మ గొంతులో ఎంత సులువుగా వచ్చేదో, తన గొంతులోనూ అంతే సులువుగా వచ్చింది.

అప్పుడే ఆమె పక్కన కండక్టరు బస్సు తలుపు కొడుతూ అరిచాడు. "వీకోట, కుప్పం, కుప్పం. ఎక్కేవాళ్లు ఎక్కండప్పా."

"మీయమ్మా ఇట్లనే అంటాండె," అన్నాడు రామచంద్ర మెల్లగా. "జాగ్రత్తగా పోయిరా."

ఫోన్ పెట్టేశాడు.

*

కుప్పంలో రైలు గేటు అవతల రాయప్ప ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. రేకుల కప్పు, ముందు పాక, పాకలో రెండు పొట్టి ఆవులు. ఇంటి మలుపు దగ్గర ఆటో దిగినప్పుడు పావని ఒకసారి వెనక్కి చూసింది. ఒక తెల్ల కారు గేటు దగ్గర ఆగి ఉంది. రైలు వస్తోంది, గేటు వేశారు, కార్లు ఆగుతాయి. అంతే అనుకుంది.

వాకిట్లో స్టూలు మీద ఒక మనిషి రోడ్డు వైపు చూస్తూ కూర్చుని ఉన్నాడు. తల నెరిసింది. ఫోటోలో చొక్కా నిండుగా ఉన్న భుజాలు ఇప్పుడు వంగిపోయాయి. ఆయన కాళ్లకు తోలు చెప్పులున్నాయి.

"రాయప్ప గారా?" అంది పావని. "మదనపల్లె స్టూడియో నుంచి వచ్చినా. ఫోటో తెచ్చినా."

ఆయన లేచి నిలబడ్డాడు. రోడ్డు మీద వెతుకుతున్న మనిషి ఈమె కాదని మొహంలో తెలిసింది, వెంటనే దాన్ని దాచుకున్నాడు.

"ఫోటోకు ఇంత దూరం వచ్చినావామ్మా? పోస్టులో ఏసింటే సాలదా. రా, లోపలికి రా. ఎండలో నిలబడొద్దు."

పావని గడప బయట చెప్పులు విడిచి లోపలికి పోయింది. ఒకే గది. ఒక చాప. గోడ మీద ఒక మేకు, దాని చుట్టూ సున్నం వెలిసిపోని తెల్లటి చదరం. పొయ్యి పక్కన మాత్రం రెండు కంచాలు కడిగి బోర్లించి ఉన్నాయి. నీళ్ల కుండ మూత మీద తడిగుడ్డలో చుట్టిన మల్లెపూలు.

ఆ వాసనకు పావని గోడ పట్టుకుంది.

"నీళ్లు తాగమ్మా." గ్లాసు ఇస్తూ ఆయన ఒక క్షణం తటపటాయించాడు. "మీ స్టూడియోకు రెడ్డెమ్మ అని ఒకామె వస్తాదా? మదనపల్లెలోనే ఉంటాది. ఫోన్ ఉండదు ఆమెకు. నెల నెలా వచ్చేది ఈడికి. పోయిన నెల రాలేదు. ఒంట్లో బాగలేదేమో అనుకున్నా. ఈ పొద్దు వస్తాదని పొద్దున్నుంచి సూస్తాండా. ఆమె నీకు తెలుసా అమ్మా?"

పావని గ్లాసు కింద పెట్టి సంచిలోంచి కవరు తీసి ఇచ్చింది. ఇంకేం చేయాలో ఆమెకు తెలియలేదు.

చెంగల్రాయుడు చేతులు పంచెకు తుడుచుకుని కవరు విప్పాడు. ఫోటోను గుమ్మం వెలుతురులోకి తీసుకుపోయి రెండు చేతుల్తో పట్టుకున్నాడు. మొదట రెడ్డెమ్మను చూశాడు. తర్వాత పాప మొహం మీద బొటనవేలితో లేని దుమ్ము తుడిచాడు. అట్లాగే కిందికి చూస్తూ పోయి ఆగిపోయాడు.

"మీ సారుకు తెలుసే," అన్నాడు చివరికి. కోపం లేదు. ఏదో తెలియక చేసిన పిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "పోయినోళ్లకు సెప్పులుండవు. ఈ పాపకు సెప్పులు యాల పెట్టినావమ్మా?"

చెప్పాల్సినవి రెండు. పోయిందనుకున్నది నీ ఎదురుగానే ఉంది. వస్తుందనుకున్నది ఇంక రాదు. ఏది ముందు చెప్పినా రెండోది వెంటనే చెప్పాలి. పావని పెదవులు కదిలాయి.

బయట కారు ఆగింది. ఆవులు తలలెత్తాయి. తలుపు వేసిన చప్పుడు, పాక పక్కన అడుగుల చప్పుడు, ఆ తర్వాత నింపాదిగా ఒక గొంతు.

"పావనీ. ఈడుండావా?"

ఇరవై ఏళ్లయినా చెంగల్రాయుడు ఆ గొంతును మరిచిపోలేదు. కానీ ఆయన ఆ గొంతు వైపు చూడలేదు. ఆ గొంతు పిలిచిన పేరును పట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడిన అమ్మాయి మొహం చూశాడు. ఆమె ఉత్త పాదాలు చూశాడు. ఆ తర్వాత గడప బయట, దుమ్ములో, ఆమె విడిచిన చెప్పుల జత వైపు చూశాడు.